చైనా బ్రాంచి ఇప్పట్లో తెరవడం లేదు

ఏళ్ల తరబడి మా లాండ్రీని నమ్ముకున్న మీకు ఈ సంగతి నేనే చెప్పాలి. చైనాలో మా మొదటి ఫ్రాంచైజీ త్వరలో తెరుస్తున్నామని అన్ని బ్రాంచీల్లో పెట్టిన బోర్డులు ఇవాళ తీయించేశాను.

అక్కడి చట్టం అడిగే మిగతావన్నీ సిద్ధం. ఏడాదికి పైగా నడిచిన సొంత షాపులు కనీసం రెండుండాలి, మాకున్నాయి. ఒప్పందానికి 30 రోజుల ముందే అవతలివాళ్లకు మన వివరాలన్నీ రాసివ్వాలి, రాశాం. ఆగింది పేరు దగ్గర.

హ్యాంగర్లు, కవర్ల కోసం అక్కడి సప్లయర్ ఒకరితో మాట్లాడుకుని, ప్రింటింగ్‌కి మా లోగో పంపాం. కవర్లు రాలేదు. మా పేరూ బొమ్మా కలిపి అతనే ట్రేడ్‌మార్క్ చేయించేసుకున్నాడు. లాయరు పంపిన కాపీలో మా లోగోలోని గుండీ ఉంది. దానికి వేలాడే దారప్పోగు, పోగు చివర ముడితో సహా దించేశాడు. ఆ ముడి మా అమ్మ చేత్తో గీసింది.

ట్రేడ్‌మార్క్ హక్కు ఏ దేశానిది ఆ దేశానికే. చైనాలో సాధారణంగా ముందు దరఖాస్తు పెట్టినవాడికే పేరు దక్కుతుంది. ఫ్రాంచైజీ అంటేనే మన పేరు వాడుకోనివ్వడం కదా, ఆ పేరు వేరొకడి చేతిలో ఉంటే నేను దేనికి సంతకం పెట్టాలి?

డబ్బిస్తే పేరు రాసిచ్చేస్తానని అతను కబురు పెట్టాడు. మా అకౌంటెంటు ఇచ్చేయమన్నాడు. ఇంట్లోనూ అదే మాట. ఫ్రాంచైజీ తీసుకోబోయేవాళ్లు వేరే పేరుతో తెరుద్దామన్నారు. లెక్కలు వేస్తే కేసుకన్నా ఆ రెండూ చవకే. చాలా రోజులు ఎటూ తేల్చుకోలేకపోయాను. ఒక దశలో చెక్కు రాయించి, సంతకం పెట్టబోయి చింపేశాను. మా అమ్మ గీసిన బొమ్మను దొంగిలించినవాడి దగ్గరే కొనుక్కోవడం నా వల్ల కాదు. పేరు మార్చడం అంతకన్నా కాదు. ఎంత ఆలస్యమైనా కొట్లాడతాను.

ఆధారం లేకుండా అంటున్న మాట కాదిది. ట్రేడ్‌మార్క్ సరిహద్దు దాటకపోయినా కాపీరైట్, అంటే బొమ్మ గీసినవాళ్లకు దాని మీద ఉండే హక్కు, దాటుతుంది. కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాలు ఒకరి బొమ్మకు మరొకరు రక్షణ ఇవ్వాలి, చైనా 1992 నుంచి అందులో ఉంది. ఒకరికి ముందే ఉన్న హక్కును కాదని ఇచ్చిన మార్కును, రిజిస్టరైన 5 ఏళ్లలోపు రద్దు చేయమని అడగొచ్చు. అడిగాం.

కేసు ఖర్చు మీ బిల్లుల్లో పడదు. మెంబర్‌షిప్ కార్డులు ఎప్పటిలాగే పనిచేస్తాయి. అక్కడికి పంపుదామనుకున్న మా సీనియర్ ఇస్త్రీవాళ్లు ఇక్కడే ఉంటారు. అమెరికాలో ఫ్రాంచైజీ సంగతి చాలామంది అడుగుతున్నారు. అక్కడ 23 అంశాలతో మన వివరాల పత్రం తయారుచేసి, ఫ్రాంచైజీ తీసుకునేవాళ్లకు సంతకానికి కనీసం 14 రోజుల ముందు ఇవ్వాలి. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో అది కాక రిజిస్ట్రేషన్ కూడా ఉంది. ఆ పని ఆపలేదు, కానీ అక్కడ మా పేరు నమోదయ్యాకే పత్రం ఎవరికైనా ఇస్తాను.

ఆ బొమ్మ ముందునుంచీ మాదేనని చూపించడానికి, మీ దగ్గర గుండీ బొమ్మ, తేదీ ఉన్న మా పాత బిల్లులు ఉంటే కౌంటర్లో చూపించండి. ఎంత పాతదైతే అంత మంచిది. కాపీ తీసుకుని వెంటనే తిరిగిచ్చేస్తాం.