పథకం ఆపేసి పార్ట్‌టైమ్ పని చూసుకోమంటే ఎలా?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రిక జిల్లా పేజీలో పోయిన వారం వచ్చిన వార్త చదివిన దగ్గర్నుంచి రాయాలనుకుంటూనే ఉన్నాను, ఇంటి పనుల మధ్య ఇవాళ్టికి కుదిరింది. పథకాలకు అనర్హులని తేలిన కుటుంబాల వాళ్లు ప్రభుత్వం మీదే ఆధారపడకుండా ఖాళీ సమయంలో పార్ట్‌టైమ్ పనులు చేసుకుని ఆదాయం పెంచుకోవాలని ఒక అధికారి సమీక్ష సమావేశంలో చెప్పారని వేశారు. అది చదివి మా వీధిలో ఆడవాళ్లందరికీ ఒళ్లు మండింది. మాకు ఖాళీ సమయం ఎక్కడిది? అది అలా ఉంచండి, మాలో చాలామందికి పథకం ఆగిందే అలా అదనంగా ఏదో ఒక పని చేసుకున్నందుకు. ఈ సంగతి తెలియక అన్నారో తెలిసే అన్నారో గానీ, బాధ్యత గల పదవిలో ఉన్నవాళ్లు అనాల్సిన మాట కాదు.

మాది గుంటూరు. మా ఆయన ఒక హోల్‌సేల్ షాపులో గుమాస్తా. ఇద్దరు పిల్లలు, అత్తగారు మాతోనే ఉంటారు. ఇల్లు గడవక నిరుడు నేను డిగ్రీ చదివి కూడా ఒక ప్రభుత్వ ఆఫీసులో అవుట్‌సోర్సింగ్ మీద, అంటే కాంట్రాక్టరు ద్వారా, అటెండరు పనికి వెళ్లాను. కాగితం మీద జీతం 15,000, పీఎఫ్, ఈఎస్ఐ పోగా చేతికొచ్చింది పదమూడు వేల చిల్లర, అదీ ఏ నెలా ఒకటో తారీఖున వచ్చింది లేదు. కొన్ని నెలలకే కాంట్రాక్టు అయిపోయిందని రావద్దన్నారు. ఉద్యోగం పోయింది గానీ కంప్యూటర్లో నా పేరు మీద పడిన ముద్ర మాత్రం పోలేదు. 2025 జూన్‌లో, బడికి వెళ్లే పిల్లల తల్లులకి ప్రభుత్వం డబ్బులు వేసే తల్లికి వందనం పథకం కింద ఒక్కో బిడ్డకి 15,000లో బడి నిర్వహణకి తీసుకునే 2,000 పోను 13,000 చొప్పున అందరి ఖాతాల్లో పడ్డాయి. మా ఇద్దరు పిల్లలకీ కలిపి 26,000 రావాలి, ఒక్క రూపాయి పడలేదు. మా వార్డు సచివాలయానికి వెళ్లి అడిగితే స్క్రీన్ నా వైపు తిప్పి చూపించారు, ఇన్‌ఎలిజిబుల్ అని, కారణం దగ్గర గవర్నమెంట్ ఎంప్లాయీ అని. నేను ఉద్యోగంలో లేనమ్మా అంటే కాంట్రాక్టరు దగ్గర్నుంచి లెటర్ తీసుకురమ్మంది అక్కడున్న అమ్మాయి. ఆ అమ్మాయి తప్పేం లేదు, ఆమె చేతిలో ఏమీ లేదు. కాంట్రాక్టరు ఫోన్ ఎత్తడు. ఆఫీసు వాళ్లేమో మీరు మా ఉద్యోగి కాదు, మేం లెటర్ ఎలా ఇస్తామంటారు. మరి వాళ్ల ఉద్యోగిని కానప్పుడు, ప్రభుత్వ ఉద్యోగినని నా పిల్లల డబ్బులు ఎలా ఆపారు?

ఇది నా ఒక్కదాని గోడు కాదు. మా పక్కవీధిలో ఒకావిడ పొద్దున్నే ఇడ్లీ పిండి, దోసెల పిండి రుబ్బి ప్యాకెట్లు కట్టి అమ్ముతుంది. గ్రైండరు, ఫ్రిజ్జు, పైగా మూడు వాటాలకీ ఒకటే మీటరు, దాంతో నెలకి కరెంటు వాడకం సగటు 300 యూనిట్లు దాటిందని ఆమెకి పథకం ఆపేశారు. ఇంకొకరింట్లో డిగ్రీ చదివే పిల్లాడు సాయంత్రాలు బండి మీద భోజనాలు డెలివరీ చేస్తాడు. కంపెనీ పట్టుకున్న కాస్త పన్ను వెనక్కి రావాలంటే రిటర్ను వేయాలని ఎవరో చెబితే వేశాడు. ఇప్పుడు ఆ ఇల్లంతా ఇన్‌కమ్ టాక్స్ కట్టే కుటుంబం అయిపోయింది, వాళ్ల నాయనమ్మ పెన్షన్ దరఖాస్తు అక్కడే ఆగింది. రిటర్ను వేయడం వేరు, పన్ను కట్టడం వేరు అని చెప్పే పెద్దమనిషి ఒక్కడు లేడు ఆఫీసుల్లో. మరి ఆ అధికారి చెప్పిన పార్ట్‌టైమ్ పని ఇది కాక ఏమిటి? వీళ్లు చేసింది అదేగా!

అసలు గొడవంతా పథకాలకి పెట్టిన ఆదాయ పరిమితి దగ్గరుంది. 2019లో పథకాలకి ఎవరు అర్హులో తేల్చే నవశకం సర్వే అప్పుడు పల్లెల్లో కుటుంబానికి నెలకి 10,000, పట్టణాల్లో 12,000 మించి రాబడి ఉండకూడదని పెట్టారు. 2025లో తల్లికి వందనం మార్గదర్శకాల్లోనూ అదే 10,000, అదే 12,000. అప్పటి ప్రభుత్వం పెట్టింది, ఇప్పటి ప్రభుత్వం ఉంచింది, ఇందులో నేను ఏ పార్టీనీ వెనకేసుకు రావడం లేదు. 2019లో 2,250 ఉన్న వృద్ధుల పెన్షన్ 2024 జులై నుంచి 4,000 అయింది. మంచిదే, ముసలివాళ్లు దీవిస్తున్నారు. ఖర్చులు పెరిగాయని ఒప్పుకున్నారు కాబట్టే కదా పెంచారు, మరి పేదవాళ్లెవరో తేల్చే లెక్క మాత్రం ఎందుకు అక్కడే ఉండిపోయింది? అవుట్‌సోర్సింగ్‌లో అటెండరుకి 15,000 ఇస్తున్నది ప్రభుత్వమే, పట్టణంలో 12,000 దాటితే పేదవాళ్లు కారంటున్నదీ ప్రభుత్వమే. అంటే ఆ ఉద్యోగంలో చేరిన ప్రతి ఇల్లూ చేరిన రోజే అనర్హం. పల్లెల్లో అంగన్‌వాడీ టీచర్‌కి ఇచ్చేది 11,500, పరిమితి 10,000. అదే ప్రైవేటులో చేతికి నగదు తీసుకుని ముప్పై, నలభై వేలు సంపాదించే వాళ్లు కంప్యూటర్‌కి కనపడరు. బ్యాంకు ద్వారా నిజాయితీగా జీతం తీసుకున్న వాళ్లే దొరికిపోతారు.

ఇక పార్ట్‌టైమ్ పనులు ఎలా ఉంటాయో ఆ అధికారికి తెలియాలని రాస్తున్నాను. మా ఊళ్లో ఆడవాళ్లకి సులువుగా దొరికేది మిర్చి తొడిమలు తీసే పని. మిర్చి యార్డుకి సరుకొచ్చే సీజన్‌లో ఎక్కువ, తర్వాత కోల్డ్ స్టోరేజీ సరుకు మీద అప్పుడప్పుడు. కింద పట్టా పరిచి మన ముందు కాయలు కుప్ప పోస్తారు, ఒక్కో కాయా తీసి గోరుతో తొడిమ గిల్లాలి. కూలి కిలో లెక్కన. తేజ రకం కాయ సన్నంగా, తేలిగ్గా ఉంటుంది, కిలో తూగాలంటే ఎన్ని వందల కాయలు గిల్లాలో చేసినవాళ్లకే తెలుసు. ముక్కుకి, నోటికి చీర కొంగు చుట్టుకున్నా ఘాటు ఆగదు, తుమ్ములు, దగ్గు. సాయంత్రానికి గోళ్ల సందుల్లో మంట మొదలవుతుంది, కొబ్బరినూనె రాసినా, మజ్జిగలో ముంచినా తగ్గదు. నేను ఈ వేసవిలో వెళ్లాను. ఇంటికొచ్చి చిన్నదానికి అన్నం కలిపి పెట్టాలన్నా భయమే, స్పూనుతో పెట్టేదాన్ని. పాలు తాగే పిల్లలున్న తల్లులు కూడా అక్కడ కూర్చుని చేస్తున్నారు.

కుట్టుపని చేసుకోవచ్చు కదా అంటారు. మా వీధిలో మూడిళ్లకొక మిషను ఉంది, శిక్షణలన్నీ కుట్టుపనికే ఇస్తారు కాబట్టి అందరూ అదే నేర్చుకున్నారు, జాకెట్టుకి యాభై తగ్గిస్తే చాలు పక్కింటికి వెళ్లిపోతారు. కేటరింగ్‌లో వడ్డనకి పిలుస్తారు గానీ ఆషాఢం, మూఢం వస్తే అదీ ఉండదు. బట్టల షాపుల్లో అడిగాను, సగం పూట అనే మాటే లేదు, పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడాలి, పిల్లలు బడి నుంచి వచ్చే వేళకి ఇంట్లో మనిషి ఉండదు. ఒక్క విషయం ఒప్పుకుంటాను, 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు ఉచితం చేశాక పనికి వెళ్లిరావడానికి చార్జీల బాధ తప్పింది. ఇదివరకు కూలిలో కొంత ఆటోకే పోయేది.

ఫోన్లో వచ్చే పార్ట్‌టైమ్ జాబుల సంగతి ఇంకా ఘోరం. ఇంట్లో కూర్చుని పెన్సిళ్లు ప్యాక్ చేయండి, హోటళ్లకి రేటింగ్ ఇవ్వండి, రోజుకి రెండు వేలు అని మెసేజ్‌లు. మాకు తెలిసిన ఒకమ్మాయికి మొదట నూటయాభై, తర్వాత మూడొందలు ఖాతాలో వేశారు, నమ్మకం కుదిరాక టెలిగ్రామ్ గ్రూపులో చేర్చి పెద్ద టాస్క్ అని డబ్బు కట్టించుకున్నారు. డ్వాక్రా లోను డబ్బులు పోయాయి, ఇప్పుడు గ్రూపులో వాయిదా కట్టలేక తలెత్తుకోలేకపోతోంది. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి వెంటనే ఫోన్ చేయాలని కూడా ఆమెకి తెలియదు. చదివేవాళ్లకి చెబుతున్నాను, పని ఇచ్చేవాడు మన దగ్గర డబ్బు అడిగితే అది పని కాదు. ఇది పథకాల మెసేజ్‌లు పంపే ప్రభుత్వం చెప్పాలి, ఇంటింటికీ చెప్పాలి. ఇంటి నుంచి పని ఇప్పిస్తామని సచివాలయం వాళ్లే మా చదువులు, వచ్చిన భాషలు, డిగ్రీ మార్కులు అన్నీ సర్వేలో ఎక్కించుకుని వెళ్లారు, ఆ తర్వాత మా వీధిలో ఒక్కరికి కూడా కబురు లేదు. అదిగో పని వస్తుందని ఎదురుచూసే వాళ్లే ఇలాంటి మోసాలకి దొరికిపోతున్నారు.

సోమవారం జనం ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టాం. కొన్నాళ్లకి అర్జీ పరిష్కారమైందని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో ఎవరూ చెప్పరు, డబ్బులు రాలేదు, ముద్ర అలాగే ఉంది. ఇదివరకు ఆఫీసుల్లో కాదంటే కాదని ఒక కాగితం రాసిచ్చేవాళ్లు, దాన్ని పట్టుకుని పై ఆఫీసుకి వెళ్లేవాళ్లం. ఇప్పుడు ఎవరిని అడిగినా సిస్టంలో అలా వస్తోందమ్మా అనే ఒక్క మాటే. సిస్టం తప్పు చేస్తే దిద్దేది ఎవరు? కింద వాళ్లు పైన అంటారు, పైన వాళ్లు సమీక్షలు పెట్టి మాకు సలహాలిస్తారు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఉద్యోగం మానేసిన వాళ్ల పేరు జీతం ఆగిన నెలే ఆ జాబితాలోంచి దానంతటదే పోవాలి, కాంట్రాక్టర్ల చుట్టూ మమ్మల్ని తిప్పకూడదు. ఒక ఇంట్లో ఒకరు నాలుగు డబ్బులు అదనంగా సంపాదిస్తే పిల్లల చదువు డబ్బులు, ముసలివాళ్ల పెన్షన్ మొత్తం ఒక్కసారిగా తెగ్గోయకుండా పరిమితి పెంచాలి. ఆపేముందు కారణం కాగితం మీద ఇచ్చి, ఫలానా అధికారికి చెప్పుకోండి అని పేరు రాయాలి. సలహా ఇచ్చిన ఆ అధికారిని మీ విలేకరి మళ్లీ కలిస్తే ఒక్కటి అడగమనండి. పథకం పోకుండా మేం చేసుకోగల పార్ట్‌టైమ్ పని ఏదో, నెలకి ఎంత వరకు సంపాదించవచ్చో చెప్పమనండి. ఆ జవాబు మీ జిల్లా పేజీలో వేయండి.

– ఒక గృహిణి, గుంటూరు