ఆ అబ్బాయిని పిలిచి అడిగారా?

బిడ్డా,

ఆదివారం ఫోన్‌లో నువ్వు "రూల్ తెలిసే రెండు టీముల్లో ఆడాడు నాయినా, అందుకే లీగ్ నుంచి తీసేశాం" అన్నప్పుడు నాకు వెంటనే మాట రాలేదు. మీ స్టూడెంట్ల క్రికెట్ కమిటీ చిన్నదే కావచ్చు, కానీ ముప్పై ఏళ్లు నల్గొండలో డిగ్రీ కాలేజీ పీడీగా, అంటే ఆటల సారుగా చేసినవాణ్ని, ఈ సంగతి విని ఊరుకోలేక రాస్తున్నా.

ఆటకు పైన ఒక పెద్ద దిక్కు ఉండాలి, అది నేనూ ఒప్పుకుంటా. 1905లో మీ అమెరికాలో ఫుట్‌బాల్ ఆడుతూ కాలేజీ పిల్లలు చనిపోతుంటే ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ కాలేజీల వాళ్లను పిలిపించి మాట్లాడాడు. అక్కడి కాలేజీ ఆటలకు రూల్స్ పెట్టే, ఇప్పుడు ఎన్‌సీఏఏ అంటున్న సంస్థ మరుసటి ఏడు అట్లా పుట్టిందే. మరి అదే సంస్థ నువ్వుంటున్న డాలస్‌లో ఏం చేసిందో చూడు. సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ ఆటగాళ్లకు చాటుగా డబ్బులు ముట్టాయని 1987 ఫుట్‌బాల్ సీజన్ మొత్తం రద్దు చేసింది, పైసా తీసుకోని పిల్లలకూ అదే శిక్ష. ఇవాళ కోర్టు ఆమోదించిన రాజీ ప్రకారం 2025-26లో ఒక్కో యూనివర్సిటీ సుమారు రెండు కోట్ల ఐదు లక్షల డాలర్ల దాకా ఆటగాళ్లకు నేరుగా పంచొచ్చు. ఆ మార్పు సంస్థ తనంతట తాను తెచ్చింది కాదు, ఆటగాళ్లు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగితే వచ్చింది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది టార్కానియన్ కేసు. ఆయన లాస్ వేగాస్‌లో యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ కోచ్, ఎన్‌సీఏఏ తన వాదన సరిగా వినకుండానే శిక్షించిందని కోర్టుకెక్కాడు. 1988లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో, ఎన్‌సీఏఏ ప్రభుత్వ సంస్థ కాదు, అందుకని రాజ్యాంగం చెప్పిన విచారణ పద్ధతి దానికి వర్తించదు అంది. అంటే ఒక మనిషి బతుకుదెరువు మీద దెబ్బ కొట్టే అధికారం ఉంది, అతని మాట వినాలన్న కట్టుబాటు మాత్రం లేదు. ఇది న్యాయమని నేను ఎన్నటికీ అనలేను.

ఎందుకంటే ఆ తప్పు నేనూ చేశాను. ఇది నీకెప్పుడూ చెప్పలేదు. ఒకసారి యూనివర్సిటీ కబడ్డీ జట్టు సెలక్షన్ కమిటీలో ఉన్నాను, దేవరకొండ వైపు తండా పిల్లాడొకడు, రైడ్‌కు వెళ్తే పట్టడం ఎవరి తరమూ కాకపోయేది, వాడి మెమోలో పుట్టిన తేదీ ఒకటి, టీసీలో ఇంకొకటి. రాత్రికే రైలు, టైం లేదని ముగ్గురం కూర్చొని వాడి పేరు కొట్టేశాం, సంతకం నేనూ పెట్టాను. వాడు బ్యాగు పట్టుకొని బయటే నిలబడి ఉన్నాడు, లోపలికి పిలిస్తే రెండు నిమిషాల పని. టీసీ రాసిన క్లర్కు పొరపాటని తర్వాత తేలింది, అప్పటికి జట్టు వెళ్లిపోయింది. ఆ పిల్లాడు మళ్లీ గ్రౌండ్‌కు రాలేదు.

మీ రూల్ సరైనదే కావచ్చు, ఆ అబ్బాయిది తప్పే కావచ్చు. కానీ అతన్ని పిలిచి అడిగారా? నిన్న అమ్మతో కూడా ఇదే అన్నాను. కమిటీలో మిగతావాళ్లు ఏమనుకున్నా సరే, ఈ వారంలోనే అతనికి నువ్వు ఫోన్ చెయ్యి బిడ్డా, చేశాక నాకు చెప్పు.

మీ నాయిన