గురివింద ఎత్తులో సగం

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారి అభిరుచుల మీద గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. రైఫిల్ తూటాలను ఇంట్లోనే నింపుకొనే అలవాటు గురించి అందులో ఉన్న నాలుగు వాక్యాలు నా చేత ఈ ఉత్తరం రాయిస్తున్నాయి. అంగడిలో దొరికే తూటా కన్నా ‘శక్తిమంతమైన’ తూటాను చవకగా చేసుకోవడమే ఈ పని ఉద్దేశమని వ్యాసకర్త రాశారు. పైగా మన పల్లెల్లో అడవిపందుల కోసం నాటు తుపాకిలో మందు దట్టించడంతో దీన్ని పోల్చారు. పన్నెండేళ్లుగా టెక్సస్‌లో ఈ పని చేస్తూ, ఏటా నాలుగైదు సార్లు వెయ్యి గజాల పోటీల్లో గురి పెడుతున్నవాడిగా ఆ రెండు మాటలూ సరికావని విన్నవించుకుంటున్నాను. రెండో మాట వల్ల పెద్ద నష్టం లేదు గానీ, మొదటిది నమ్మి కొత్తగా ఈ పనిలోకి దిగే కుర్రవాడు చిటికెడు మందు ఎక్కువ పోస్తే కన్నో చెయ్యో పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

ముందు మాటల సంగతి చెప్పాలి. మన పత్రికల్లో తూటా, బుల్లెట్ అనే రెండు మాటలనూ ఒకే వస్తువుకు వాడేస్తున్నారు. తూటాలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర బిగించిన బుల్లెట్. రైఫిల్ పేలినప్పుడు గురి వైపు వెళ్లేది బుల్లెట్ ఒక్కటే. కాల్చినవాడి చేతికి తిరిగి వచ్చేది ఇత్తడి కేసు, అందులోనూ తన రైఫిల్‌లో తూటా కూర్చునే గదిలో, మందు మండిన పీడనానికి ఉబ్బి, ఆ గది కొలతలనే తన ఒంటికి పట్టించుకున్న కేసు. దర్జీ కొలతలు తీసి కుట్టిన చొక్కా లాంటిది అది. దాన్ని మళ్లీ అచ్చులో పెట్టి, బుల్లెట్‌ను పట్టుకునే మెడకు దిగువన వాలుగా ఉండే భుజం దగ్గర అంగుళంలో వెయ్యో వంతో రెండు వెయ్యో వంతులో మాత్రమే వెనక్కి నొక్కి, కొత్త ప్రైమర్, తూచిన మందు, ఏరిన బుల్లెట్ చేర్చడమే మేము చేసే పని. లోకంలోని ఆ రకం ప్రతి రైఫిల్‌లోనూ పట్టేలా తూటా చేయవలసిన బాధ్యత కర్మాగారానిది. నాకు నా ఒక్క రైఫిల్‌లో పడితే చాలు.

వ్యాసకర్త చెప్పిన బలం ఈ పనిలో ఎక్కడా రాదు. మాకు కావలసింది తూటాకూ తూటాకూ తేడా లేకపోవడం. నేను పాల్గొనే ఎఫ్-క్లాస్ పోటీకి ఆ పేరు కెనడాకు చెందిన జార్జ్ ఫార్కుహార్సన్ ఇంటిపేరులోని మొదటి అక్షరం నుంచి వచ్చింది. వయసు మీదపడి, చూపు తగ్గి, పాత పద్ధతి పోటీలకు దూరమైన షూటర్ల కోసం టెలిస్కోపునూ ముందువైపు ఆనుకునే స్టాండునూ అనుమతించి ఆయన దీన్ని మొదలుపెట్టారు. వెయ్యి గజాల దూరంలో, అంటే 914 మీటర్ల అవతల, పది పాయింట్ల వలయం వ్యాసం పది అంగుళాలు. దాని లోపల సమానమైన స్కోర్లను తేల్చే చిన్న వలయం ఐదు అంగుళాలు. పాయింట్ 308 విన్‌చెస్టర్ అనే రకం తూటాలో 175 గ్రెయిన్ల, అంటే సుమారు 11 గ్రాముల, బుల్లెట్ సెకనుకు సుమారు 2,600 అడుగుల వేగంతో బయలుదేరుతుందనుకుందాం. ఒక తూటా ఆ వేగం కన్నా ఇరవై అడుగులు తక్కువగా వెళితే వెయ్యి గజాల దగ్గర బుల్లెట్ సుమారు ఏడెనిమిది అంగుళాలు కిందికి దిగుతుంది. నేను ఊపిరి బిగబట్టి, గాలిని సరిగ్గా చదివి, ట్రిగ్గర్‌ను తడబడకుండా నొక్కినా పాయింటు పోతుంది. అదే ఇరవై అడుగుల తేడా మూడు వందల గజాల దగ్గర అర అంగుళం కూడా చూపించదు. కాబట్టి దగ్గరి దూరాలకూ వేటకూ ఈ శ్రమ అక్కర్లేదని, కర్మాగారాలు పోటీల కోసం చేసే మంచి తూటాలే చాలునని అడిగినవారందరికీ చెబుతుంటాను.

ఇక తూకం గురించి కొంత వివరంగా రాయడానికి అనుమతించండి. మందును మేము గ్రెయిన్లలో తూస్తాం. ధాన్యపు గింజ బరువు నుంచి పుట్టిన ఈ కొలతలో ఒక పౌనుకు ఏడు వేల గ్రెయిన్లు, ఒక గ్రెయిన్‌కు సుమారు 65 మిల్లీగ్రాములు. మా నాన్నగారు ప్రొద్దుటూరులో బంగారం పని చేసేవారు. ఆయన చిన్నతనం నాటికి గురివింద గింజలతో తూచడం ఇంకా పూర్తిగా పోలేదట. గురివింద ఎత్తు దాదాపు 120 మిల్లీగ్రాములు కనుక, మా గ్రెయిన్ అందులో సుమారు సగం. నేను పాటించే హద్దు గ్రెయిన్‌లో పదో వంతు, అంటే గురివిందలో ఇరవయ్యో వంతుకు కాస్త ఎక్కువ. మందు పొడిలా ఉంటుందని చాలామంది అనుకుంటారు గానీ, రైఫిల్ మందులో చాలా రకాలు పెన్సిల్ ములుకు ముక్కల్లా సన్నటి చిన్న కడ్డీలుగా ఉంటాయి. నా దగ్గరున్న రకంలో రెండు మూడు కడ్డీలు వేసినా తీసినా త్రాసు ముల్లు కదులుతుంది. నాన్నగారు అద్దాల పెట్టెలో పెట్టిన త్రాసు ముందు కూర్చున్నప్పుడు పంకా ఆపించేవారు, మమ్మల్ని గడపలోనే నిలబెట్టేవారు. నేను గ్యారేజీలో ఏసీ ఆపి, ఫోను పక్క గదిలో పెట్టి, తూకపు రాయితో త్రాసును సరిచూసుకొని మొదలుపెడతాను. ప్రతి ఇరవై తూటాలకూ ఒకసారి మళ్లీ సరిచూస్తాను. ఒక పోటీకి కావలసిన తూటాలకు నాకు రెండు సాయంత్రాలు పడుతుంది. ఈ పనిని నాటుమందు దట్టించడంతో పోల్చినందుకు నాకు కలిగిన బాధ తూకం విలువ తెలిసిన ఇంట పుట్టినందువల్ల కూడా కావచ్చు.

ఇత్తడి విషయంలో మన దేశానికి సంబంధించిన చరిత్ర ఒకటుంది. తూటా కేసు ఇత్తడిలో డెబ్బై పాళ్లు రాగి, ముప్పై పాళ్లు జింకు. పందొమ్మిదో శతాబ్దంలో భారతదేశంలోని బ్రిటిష్ సైన్యం వానాకాలంలో గుర్రపుశాలల దగ్గర నిలవ చేసిన తూటాల కేసులు వాడకముందే పగుళ్లిచ్చేవి. ఆ పగుళ్లకు వాన రుతువు పేరే వచ్చింది. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, చల్లగా సాగదీసి తయారుచేసిన ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు కలిసి ఆ పగుళ్లకు కారణమని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే పరిశోధకులు వివరించారు. కేసును మితంగా వేడిచేస్తే ఆ బిగువు సడలుతుంది. నేటి షూటర్లు కేసు మెడను మళ్లీ మళ్లీ వేడిచేసేది మరొక ప్రయోజనం కోసం. కాల్చిన ప్రతిసారీ, అచ్చులో నొక్కిన ప్రతిసారీ మెడ గట్టిపడుతూ పోతుంది. గట్టిపడిన మెడ ఒక బుల్లెట్‌ను బిగువుగానూ మరొకదాన్ని వదులుగానూ పట్టుకుంటే వేగాల్లో తేడా వస్తుంది. మెడను మాత్రమే, అదీ కొన్ని సెకన్లు మాత్రమే వేడిచేయాలి. వేడి కేసు అడుగుకు పాకితే, పీడనాన్ని తట్టుకోవలసిన చోటే ఇత్తడి మెత్తబడిపోతుంది. అమ్మోనియా కలిసిన ద్రవాలతో కేసులు కడగరాదన్న నియమానికి మూలం కూడా ఆనాటి గుర్రపుశాలల్లోనే ఉంది.

ఆ పీడనం ఎంతో పాఠకులు ఊహించుకోవాలి. నేను పైన చెప్పిన తూటాకు అమెరికా తయారీదారుల సంఘం పెట్టిన గరిష్ఠ హద్దు చదరపు అంగుళానికి 62,000 పౌన్లు. ముఖానికి జానెడు దూరంలో అంత పీడనాన్ని పెట్టుకొని కాల్చేవాడు బలం కోసం ఆశపడడు. అయినా ఈ పని మొదలుపెట్టిన మూడో ఏట నేనూ ఒక తప్పు చేశాను. జనవరిలో చలిగా ఉన్నప్పుడు, ముద్రిత పట్టికలోని గరిష్ఠానికి బాగా దగ్గరగా ఒక తూకాన్ని పరీక్షించి, బాగుందని వంద తూటాలు నింపి పెట్టుకున్నాను. వాటిని ఆగస్టు ఎండలో, కారు వెనక సీటులో మగ్గిన పెట్టెలోంచి తీసి కాల్చాను. రెండో తూటాకే బోల్టు, అంటే ఆ గదిని వెనక నుంచి మూసే కడ్డీ, పైకి లేవలేదు. అరచేత్తో కొట్టి తెరిస్తే కేసు అడుగున ప్రైమర్ రూపాయి బిళ్లలా చదునుగా అణిగిపోయి ఉంది. మందు వేడెక్కితే త్వరగా మండి పీడనం పెరుగుతుందని పుస్తకంలో చదివి ఉండీ నేను లెక్క చేయలేదు. మిగిలిన తొంభై ఎనిమిది తూటాలనూ ఒక్కొక్కటే ఊడదీసి మందు వేరుచేశాను. ఆ రెండో కేసు ఇప్పటికీ నా త్రాసు పక్కన ఉంటుంది.

అందుకే ఇక్కడి మన పిల్లలు వాట్సాప్‌లో ‘నా లెక్క ఇది, నువ్వూ ఇంతే పోసుకో’ అని ఒకరికొకరు తూకాలు పంపుకోవడం చూస్తే నాకు భయం వేస్తుంది. మందు రకం, బుల్లెట్ తయారీ, కేసు లోపలి ఖాళీ, రైఫిల్ గది కొలత, వీటిలో ఏ ఒక్కటి మారినా పీడనం మారుతుంది. పిస్టల్ కోసం చేసిన త్వరగా మండే మందును పొరపాటున రైఫిల్ కేసులో పోస్తే తుపాకే పగిలిపోవచ్చు. మందు, బుల్లెట్ల తయారీ సంస్థలు ప్రయోగశాలలో కొలిచి అచ్చువేసిన పట్టిక ముందు పెట్టుకొని, దాని గరిష్ఠానికి పదో వంతు తక్కువ నుంచి మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా పెంచుతూ పీడనం ఎక్కువైన ఆనవాళ్లు చూసుకోవడం తప్ప దీనికి దగ్గరి దారి లేదు. బల్ల మీద ఒకసారికి ఒకే మందు డబ్బా ఉండాలి.

ఆ పిల్లలే మూడు తూటాలు కాల్చి, మూడు రంధ్రాలూ పావలా బిళ్ల కింద దాగిపోయిన ఫొటో పంపుతారు. ఆ సంతోషాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, కానీ ఆ ఫొటో రుజువుకు నిలవదు. అదే రైఫిల్‌తో, అవే తూటాలతో పది కాలిస్తే ఆ రంధ్రాల గుంపు వెడల్పు సగటున ఒకటిన్నర రెట్లకు పైగా పెరుగుతుంది. రైఫిల్‌లో గానీ తూటాలో గానీ ఏమీ మారదు, పెరిగింది కాల్చిన తూటాల సంఖ్య మాత్రమే. మూడు తూటాల గుంపు చూసి ఒక తూకం మంచిదని, మరొకటి చెడ్డదని తేల్చేవారు చాలాసార్లు యాదృచ్ఛికాన్నే కొలుస్తున్నారు. బుల్లెట్‌ను ఎంత లోతుగా కూర్చాలో తేల్చుకోవడానికి నేను ఒక్కో లోతులో ఇరవై తూటాలు, రెండు వేర్వేరు రోజుల్లో కాలుస్తాను. అంత చేసినా రెండు లోతుల మధ్య తేడా లేదని తేలిన సందర్భాలే ఎక్కువ. తేడా లేదని తేలడం కూడా ఫలితమే, దాన్నీ నోటుపుస్తకంలో రాసుకుంటాను.

మన దేశంలోని పాఠకులకు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. మీ వ్యాసంలో ఆ హెచ్చరిక లేకపోవడం లోపమే. ఇక్కడి నుంచి సెలవులకు వచ్చేవారు కూడా షూటింగ్ రేంజికి తీసుకెళ్లే సంచిని ఊరి ప్రయాణానికి వాడకూడదు. అడుగు పొరలో మరచిపోయిన ఒక్క తూటా విమానాశ్రయంలో పోలీసు కేసు దాకా తీసుకుపోగలదు.

హైదరాబాద్‌లో రైఫిల్ నేర్చుకుంటున్న పిల్లలకు ఈ విద్యలోని సారం అందకుండా పోదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం గెలిచిన 50 మీటర్ల పోటీలో వాడే పాయింట్ 22 తూటాకు నిప్పుమందు అడుగు అంచు లోపలే ఉంటుంది కనుక, దాన్ని పోటీకి పనికొచ్చేలా ఇంట్లో మళ్లీ నింపడం సాధారణంగా సాధ్యపడదు. అక్కడ షూటర్లు చేసేది ఎంపిక. జర్మనీలోని షోనెబెక్‌లోనూ ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లోనూ ఉన్న తయారీదారుల పరీక్షా కేంద్రాలకు తమ రైఫిల్‌ను తీసుకెళ్లి, బిగింపులో పెట్టి, ఒకే కర్మాగారంలో వేర్వేరు విడతల్లో తయారైన తూటాలను వరసగా కాల్చి, తమ బ్యారెల్‌కు నప్పిన విడతనే ఏడాదికి సరిపడా కొనుక్కుంటారు. ఒకే పేరు, ఒకే ధర ఉన్న రెండు పెట్టెలు ఒకే రైఫిల్‌లో వేర్వేరుగా ప్రవర్తిస్తాయని మన శిక్షణ కేంద్రాల్లో తల్లిదండ్రులకు చెబితే, గురి తప్పిన ప్రతిసారీ పిల్లవాడినే తప్పుపట్టడం కొంత తగ్గుతుంది. అంత దూరం పంపే స్తోమత అందరికీ ఉండదు. దిగుమతి చేసుకున్న పెట్టెల మీది విడత సంఖ్యలను రాసుకొని, ఇరవై చొప్పున కాల్చి పోల్చుకోవడానికి మాత్రం ఒక నోటుపుస్తకం చాలు.

వచ్చే ఆదివారం అనుబంధంలో ‘శక్తిమంతమైన’ అన్న మాటను సవరిస్తూ ఒక చిన్న వివరణ అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను. చోటు మరీ తక్కువైతే మిగతాదంతా వదిలేసి, ఇతరుల తూకాన్ని తమ తూటాలో పోయవద్దన్న వాక్యం ఒక్కటైనా వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఆస్టిన్, టెక్సస్