చైను ఏ పక్కకు పడుతోందో ముందు చూడు

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. సైకిలు మీద ఎత్తు మొదలవుతుండగా ముందు గేరు దించావట, చైను లోపలికి జారి ఫ్రేముకీ, పెడళ్ల దగ్గరుండే పళ్లచక్రానికీ, అంటే చైన్‌రింగుకీ, సందున ఇరుక్కుందట, చేతులు నల్లగా చేసుకుని ఎక్కించుకుని బయలుదేరితే పట్టుమని పది నిమిషాలు కాకుండానే మళ్లీ అదే తంతట. నవ్వకూడదు గాని నవ్వొచ్చింది. ఆ నల్లటి చేతులు ఒకప్పుడు నావే మరి.

కొత్త చైను కొనమంటావా అని అడిగావు. ఇప్పుడే కొనవద్దు. అరిగిన చైను సాధారణంగా బలంగా తొక్కినప్పుడు వెనక పళ్ల మీద టక్కున ఎగిరి జారుతుంది గాని, గేరు మార్చిన ప్రతిసారీ ఒకే పక్కకు పడిపోదు. నువ్వు కోపంలో రాసిన "ముందు గేరు దించినప్పుడే, ఎప్పుడూ లోపలికే" అన్న ముక్కలోనే రోగం బయటపడింది. చైను ఊడిందని చెప్పేవాళ్లే గాని ఎటు ఊడిందో, ఏ గేరులో ఉండగా ఊడిందో గమనించేవాళ్లు తక్కువ. లోపలికి పడితే ముందు డిరైలర్, అంటే చైనును ఒక రింగు మీంచి ఇంకో రింగు మీదికి నెట్టే పరికరం, హద్దు దాటి లోపలికి వస్తోందని, బయటికి క్రాంకు (పెడలు కడ్డీ) వైపు పడితే హద్దు దాటి బయటికి పోతోందని, గేరు జోలికి పోకుండానే గతుకుల్లో ఊడితే చైను వదులై ఊగుతోందని ముందుగా అనుమానించాలి.

డిరైలర్ మీద ఎల్, హెచ్ అని గుర్తులున్న రెండు చిన్న స్క్రూలు ఉంటాయి. లోపలి హద్దు ఎల్ స్క్రూది, బయటి హద్దు హెచ్ స్క్రూది. ఎల్ స్క్రూ తిప్పి చూశాననీ, ఏమీ మారలేదనీ రాశావు. అక్కడే నువ్వు పొరబడ్డావని నా నమ్మకం. గేరు మీట నుంచి వచ్చే కేబులు బిగువుగా లాగి పట్టుకుని ఉంటే డిరైలర్ ఆ స్క్రూ దాకా వచ్చి ఆనదు, అందుకని స్క్రూ ఎంత తిప్పినా గాలిలో తిప్పినట్టే ఉంటుంది. కాబట్టి ముందు చైనును ముందువైపు అన్నిటికంటే చిన్న రింగు మీదికి, వెనకవైపు అన్నిటికంటే పెద్ద పళ్లచక్రం మీదికి తెచ్చి, కేబులును పట్టి ఉంచే బోల్టు వదులు చేసి, డిరైలర్‌ను దాని స్ప్రింగుకే వదిలెయ్యి. అప్పుడు పైనుంచి తొంగి చూస్తే, చైను దూరి వెళ్లే డిరైలర్ రేకుల చట్రంలో, అంటే కేజులో, లోపలి రేకుకీ చైనుకీ మధ్య సందు కనిపిస్తుంది. అది అర మిల్లీమీటరు మించకూడదు, రేకు చైనుకు రాసుకోనూ కూడదు. నీ బండికి ఆ సందు రెండు మూడు మిల్లీమీటర్లయినా ఉంటుందని పందెం. ఎల్ స్క్రూను గడియారం ముల్లు తిరిగే దిశలో పావు చుట్టు చొప్పున బిగిస్తూ, ప్రతిసారీ పెడలు చేత్తో తిప్పి చూసుకుంటూ ఆ సందు మూసుకురా. మరీ బిగించేస్తే చైను చిన్న రింగు మీదికి దిగనే దిగదు కనుక తొందరపడవద్దు. సరిపోయాక కేబులులోని వదులు పోయేంతవరకు లాగి మళ్లీ బోల్టు బిగించు.

స్క్రూ ముట్టుకోకముందే చూడవలసింది ఒకటుంది, నేను వరుస తప్పి ఇప్పుడు చెబుతున్నాను. కేజు బయటి రేకు పెద్ద రింగు పళ్లకు ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల ఎత్తులో, రింగుకు సమాంతరంగా ఉండాలి. బండి ఒకసారి పక్కకు పడితే చాలు, డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే పట్టీ కాస్త తిరిగిపోయి కేజు వంకరగా నిలబడుతుంది. అలా ఉన్నదాని మీద స్క్రూలతో కుస్తీ పట్టడం వృథా.

ఇంకో మాట, నీ తొక్కుడు గురించి. ఎత్తు మొదలయ్యాక, కాళ్ల మీద బరువంతా పడ్డాక ముందు గేరు దించే అలవాటు నీకు మొదటినుంచీ ఉంది. ఎత్తు రాకముందే దించి, ఆ ఒక్క చుట్టు మెత్తగా తొక్కాలి. వెనక చిన్న పళ్లచక్రం మీద ఉండగా ముందు దించితే చైను ఒక్కసారిగా వదులై తుళ్లిపడుతుంది కాబట్టి, అప్పటికే వెనక మధ్య గేర్లలోకి వచ్చి ఉంటే నయం.

నా కథ చెప్పమన్నావు. నాది ముందు ఒకే రింగు ఉన్న బండి అని నీకు తెలుసు. ముందు డిరైలరే లేని బండికి చైను ఎందుకు ఊడాలి? రాళ్ల దిగుడులో మాత్రం తప్పకుండా ఊడేది. రింగు పళ్లు అరిగాయనుకుని, ఒక పన్ను లావుగా ఒక పన్ను సన్నగా ఉండే కొత్త రింగు వేయించాను. చైనులో ఒక లింకు వెడల్పుగా, తరవాతిది ఇరుకుగా ఉంటుంది కదా, లావు పన్ను వెడల్పు సందును నిండా పట్టుకుంటుంది. 2012లో శ్రామ్ కంపెనీ ఎక్స్‌ఎక్స్1 గేర్ల సెట్టు వచ్చాక ఈ రకం పళ్లు బాగా వ్యాపించాయి. అయినా ఊడింది. చైను పక్కకు జారకుండా ఆపే చైన్ గైడు కూడా బిగించాను. తగ్గింది గాని పోలేదు. చివరికి ఒక సాయంత్రం బండిని తలకిందులుగా పెట్టి తుడుస్తుంటే, వెనక డిరైలర్ పక్కన చిటికెన వేలంత మీట కిందికి వాలి ఉంది. అది క్లచ్ మీట. డిరైలర్ చేయి గతుకుల్లో ముందుకు ఊగకుండా పట్టి ఉంచేది ఆ క్లచ్చే. ఎప్పుడో పంక్చరైన రోజున చక్రం సులువుగా తీయడానికి దాన్ని ఆపి, మళ్లీ పైకి నెట్టడం మరిచిపోయాను. మూడు నెలలపాటు నా మతిమరుపుకు రింగునూ చైనునూ తిట్టాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, నీ దగ్గరే ఉండనీ.

నీ బండికి వెనకవైపు కూడా ఒక చూపు చూడు. బండి వెనక కూర్చుని చూస్తే డిరైలర్‌లోని రెండు చిన్న చక్రాలూ పైనున్న పళ్లచక్రంతో ఒకే నిలువు గీతలో ఉండాలి. కింది చక్రం స్పోకుల వైపు వాలి ఉంటే, డిరైలర్‌ను ఫ్రేముకు వేలాడదీసే హ్యాంగర్ వంగిందన్నమాట. ఫ్రేముకు దెబ్బ తగలకుండా ముందు తానే వంగిపోయేలా మెత్తటి లోహంతో చేసిన ముక్క అది. వంగినదానితో పెద్ద పళ్లచక్రం మీదికి ఎక్కిస్తే డిరైలర్ స్పోకుల్లో దూరి, చక్రంతో సహా అన్నీ చుట్టుకుపోతాయి. ఇందులో మాత్రం నేనేమీ వేళాకోళం ఆడడం లేదు. వంగినట్టు అనిపిస్తే, సరిచేయించే దాకా ఆ గేరు వాడకు.

పెడలు మెల్లగా వెనక్కి తిప్పుతూ కింది చిన్న చక్రం దగ్గర చూస్తే, బిగుసుకున్న లింకు ఏదైనా ఉంటే అక్కడికి రాగానే చైను చిన్నగా ఎగురుతుంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ పక్కలకు కొద్దిగా వంచితే వదులవుతుంది.

చైను అరిగిందో లేదో నీకు ఎలాగూ మనశ్శాంతి ఉండదు కాబట్టి స్కేలుతో కొలుచుకో. ఒక పిన్ను నడిమధ్య నుంచి, దాన్ని లెక్కపెట్టకుండా, ఇరవై నాలుగో పిన్ను నడిమధ్య దాకా, అంటే పన్నెండు జతల లింకులకు, కొత్త చైను సరిగ్గా 12 అంగుళాలు ఉంటుంది. అంగుళంలో పదహారో వంతు పెరిగి ఉంటే మార్చే సమయం వచ్చినట్టు, ఎనిమిదో వంతు పెరిగి ఉంటే వెనక పళ్లచక్రాలు కూడా అరిగే ఉంటాయి.

ఈలోగా దారిలో మళ్లీ ఊడితే బలవంతంగా తొక్కి ఇరికించుకోకు, ఫ్రేము గీసుకుపోతుంది. వెనక డిరైలర్ చేతిని ముందుకు నెడితే చైను వదులవుతుంది. అప్పుడు రింగు అడుగున ఉన్న నాలుగైదు పళ్లకు చైను తగిలించి పెడలును చేత్తో వెనక్కి తిప్పు, తనంతట తానే ఎక్కుతుంది. రెండు వేళ్లు మాత్రమే నల్లబడతాయి.

ఆదివారం కేబులు వదులు చేసి ఆ సందు ఎంతుందో కొలిచి రాయి. రెండు మిల్లీమీటర్లకు తక్కువ ఉంటే పందెం నేను ఓడినట్టే.

నీ
మిత్రుడు