సగం బోటనీలో, సగం జువాలజీలో

ఎడిటర్ గారికి,

ఇంటర్ పిల్లలకు డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవులు బోటనీలో వస్తాయి, మలేరియా తెచ్చే ప్లాస్మోడియం జువాలజీలో వస్తుంది. నిజానికి రెండూ దాయాదులు. జీవులన్నిటినీ ఐదు రాజ్యాలుగా విడదీసిన 1969 నాటి విట్టేకర్ వర్గీకరణ దగ్గరే మన పాఠం ఆగిపోయింది. 1991లో కావలియర్-స్మిత్ అనే శాస్త్రవేత్త పేరు పెట్టిన ఆల్వియోలేటా గుంపులో డైనోఫ్లాజెల్లేట్లు, ప్లాస్మోడియం ఉండే ఎపికాంప్లెక్సా, పారామీషియం లాంటి సీలియేట్లు అన్నీ ఒక గూటివే.

వీటి ఇంటి గుర్తు కణత్వచం కిందే పరుచుకున్న చదునైన సంచులు. సెరేషియం అనే డైనోఫ్లాజెల్లేటులో ఆ సంచుల్లోనే సెల్యులోజు పలకలు పేరుకుని కవచం అవుతుంది. ఆ సంచులు చూడాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఉండాలి. అయితే బుక్కరాయసముద్రం చెరువు నీళ్లో, శింగనమల చెరువు నీళ్లో తెచ్చి వెతికితే, సెరేషియం దొరికిందంటే కాలేజీ మైక్రోస్కోపులో 400 రెట్లకే దాని కొమ్ములు, నడుము చుట్టూ గాడి తెలుస్తాయి. ఆ గాడిలో ఒక కశాభం (ఈదడానికి వాడే కొరడాలాంటి పోగు) అడ్డంగా ఆడుతుంది, రెండోది వెనక్కి తోకలా ఉంటుంది. అందుకే అది తిరుగుతూ ఈదుతుంది.

చిక్కంతా పరాన్నజీవులతోనే. పీత నెత్తుట్లో పెరిగే హెమటోడినియం అనే డైనోఫ్లాజెల్లేటుకు అక్కడ పలకలూ ఉండవు, గాడీ ఉండదు. కశాభాలు బయటపడేది సిద్ధబీజాల్లోనే. పైరూపం చూసి పేరు పెడితే బోల్తా పడతాం. ఆయిస్టర్లను చంపే పెర్కిన్సస్‌ను 1950లో శిలీంధ్రం అన్నారు, 1978లో ఎపికాంప్లెక్సాలో వేశారు, చివరికి డీఎన్ఏ చూస్తే డైనోఫ్లాజెల్లేట్లకే దగ్గర.

ఈ చుట్టరికం పరీక్ష మార్కులకే కాదు. ప్లాస్మోడియంలో పచ్చదనం పోయిన హరితరేణువు ఒకటి, నాలుగు పొరలతో, ఇంకా మిగిలే ఉంది. బ్యాక్టీరియా మందైన డాక్సీసైక్లిన్ మలేరియా మీద పనిచేసేది దాన్ని దెబ్బతీసే. వెంటనే కాదు, తర్వాతి తరం చస్తుంది.

చేపల పెంపకందారులకూ ఇది పనికొచ్చే సంగతే. మొప్ప ముక్క స్లైడు మీద నీటిచుక్కలో పెట్టి 100 రెట్లలో చూడండి. గుర్రపు నాడా ఆకారం కేంద్రకంతో మెల్లగా దొర్లుతుంటే అది చేపలకు తెల్లమచ్చ జబ్బు తెచ్చే సీలియేటు. పసుపు-గోధుమ రంగులో, కదలకుండా అతుక్కుని ఉంటే పిసినూడినియం, అంటే డైనోఫ్లాజెల్లేటు. రెంటికీ మందు తగిలేది నీళ్లలో ఈదే పిల్లదశకే. ఒక్కసారి వేసి ఆపేస్తే మళ్లీ వస్తుంది.

సిలబస్ మారేదాకా ఆగక్కర్లేదు. ప్రాక్టికల్స్‌లో సెరేషియం స్లైడు పక్కనే ప్లాస్మోడియం స్లైడు పెట్టించమని లెక్చరర్లను కోరుతున్నాం.

— కొందరు జీవశాస్త్ర అధ్యాపకులు, అనంతపురం