ఫ్లెక్సీ మీద ఉద్యోగం, ఇంట్లో కొడుకు

సంపాదకులకు నమస్కారం.

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ దగ్గరపడిందంటే ఒంగోలులో కాలేజీల ఫ్లెక్సీలు లేస్తాయి. పోయిన ఏడాది అలాంటి ఒక ఫ్లెక్సీలో మా అబ్బాయి ఫొటో చూశాను. కింద కంపెనీ పేరు, జీతం అంకె. వాడు మాత్రం ఇంట్లోనే ఉన్నాడు. ఆఫర్ లెటర్ వచ్చి పదకొండు నెలలైనా చేరే తేదీ రాలేదు. పొద్దున లేవగానే ఫోనులో మెయిల్ చూసుకుని, ఏమీ మాట్లాడకుండా పక్కన పెట్టేవాడు. వాళ్లమ్మ అడగడం మానేసింది.

మాది టంగుటూరు దగ్గర ఊరు. పొగాకు సాగు. ర్యాంకును బట్టి వచ్చిన కన్వీనర్ కోటా సీటే కదా, ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందిలే అనుకున్నాం. ఆ డబ్బు ఆలస్యమైనప్పుడల్లా కాలేజీ మమ్మల్నే కట్టమంది. దానిమీద బస్సు, హాస్టల్, ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ ఫీజు. వేలం కేంద్రంలో బేళ్లు అమ్మిన డబ్బు ఇంటి గడప తొక్కకుండానే కాలేజీకి పోయేది. చివరికి బకాయి ఉందని ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపారు. కాలేజీలు వాటిని అట్టిపెట్టుకోకూడదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లోనే చెప్పింది. ఆ కాగితాలు లేకనే వాడికి ఇంకో ఉద్యోగం చేయిదాకా వచ్చి జారిపోయింది. అన్నిటికంటే నాకు బాధ అదే.

ఎంతమంది నిజంగా చేరి మొదటి జీతం తీసుకున్నారో బ్రాంచీలవారీగా ప్రతి కాలేజీ ప్రకటించేలా ఉన్నత విద్యామండలి ఆదేశించాలి. ఒకే విద్యార్థికి వచ్చిన మూడు ఆఫర్లను ఒకటిగానే లెక్కించాలి. కౌన్సెలింగ్‌కు వెళ్లే తల్లిదండ్రులారా, ఆప్షన్లు పెట్టేముందు ఆ కాలేజీలో నిరుడు పాసైన పిల్లలను నలుగురినైనా అడగండి.

— ఒక పొగాకు రైతు,
టంగుటూరు మండలం, ప్రకాశం జిల్లా