డెడ్‌వుడ్ వాతావరణం ఒక్క అంకెలో ఇముడుతుందా?

సంపాదకులకు నమస్కారం.

నవంబరు చివర వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ సెలవులకు, ఇక్కడ అమెరికాలో సౌత్ డకోటా రాష్ట్రపు కొండల్లో ఉన్న డెడ్‌వుడ్ ఊరికి వెళ్లమంటూ మీ ప్రవాస పేజీలో వచ్చిన వ్యాసాన్ని ఆలస్యంగా, ఇక్కడివాళ్లు వాట్సాప్‌లో తిప్పుతుంటే చూశాను. ఊరుకుందామనే అనుకున్నాను. కానీ దాన్ని నమ్మి డెన్వర్ నుంచి చంటిపిల్లలతో కారులో వస్తున్న ఒక కుటుంబం "స్వెటర్లు సరిపోతాయి కదండీ?" అని ఫోన్ చేసేసరికి రాయక తప్పలేదు.

చరిత్ర బాగానే రాశారు. 1876లో పేరుమోసిన తుపాకీవీరుడు వైల్డ్ బిల్ హికాక్‌ను పేకాట బల్ల దగ్గర కాల్చి చంపడం, 1989లో జూదం మళ్లీ చట్టబద్ధం కావడం, ఆ రాబడితో పాత భవనాలను బాగుచేయడం అన్నీ ఉన్నాయి. వాతావరణం దగ్గరికొచ్చేసరికి మాత్రం "వారమంతా పగలు 7 డిగ్రీలు, ఆహ్లాదకరం" అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. నవంబరు సగటు అంతే కావచ్చు. సగటును కప్పుకుని ఎవరూ పడుకోలేరు కదా! పైగా పక్క బాక్సులో రాత్రికి "32 డిగ్రీలు" అట. అది ఫారన్‌హీట్ అని ఎవరు చెప్పాలి? హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు చదివితే హోటల్లో ఏసీ ఉందా అని అడుగుతారు. ఇక్కడ నీళ్లు గడ్డకట్టేది ఆ అంకె దగ్గరే.

ఈ బ్లాక్ హిల్స్ కొండల్లో ఊరికో వాతావరణం. 1943 జనవరి 22న చినూక్ అనే వెచ్చటి కొండగాలి దిగి, స్పియర్‌ఫిష్ ఊళ్లో మైనస్ 20 సెల్సియస్ ఉన్నది రెండు నిమిషాల్లో 7 డిగ్రీలకు ఎక్కింది. అదే రోజు కొండ మీది లీడ్‌లో 11 డిగ్రీలుంటే, పక్కనే కింద లోయలో ఉన్న డెడ్‌వుడ్‌లో మైనస్ 27. ఏ ఊరి అంకె వేస్తారు మీరు? 2013లోనైతే అక్టోబరు మొదటి వారంలోనే మంచు తుపాను వచ్చింది. లీడ్‌లో నాలుగడుగులు దాటి మంచు పడింది. చలికాలపు బొచ్చు ఇంకా రాని పశువులు మైదానాల్లో వేల సంఖ్యలో చచ్చిపోయాయి. నష్టం చెప్పుకుందామంటే వాషింగ్టన్‌లో బడ్జెట్ తగాదాతో ప్రభుత్వ కార్యాలయాలకే తాళాలు!

ఇక్కడి పెద్దల తీరూ అంతంతమాత్రమే లెండి. రాపిడ్ సిటీ నుంచి రోజుకు రెండుసార్లు ఎగరేసే వాతావరణ బెలూన్లను, సిబ్బంది లేరని 2025 మార్చిలో ఆపేశారు. పైన గాలి ఎలా ఉందో కొలవడానికే మనుషుల్లేరన్నారు, జూదశాలల దీపాలకు మాత్రం లోటు లేదు. వాళ్లు అలా, పత్రికలు ఇలా. ఒకప్పుడు విదేశీ వార్త వేసే ముందు తెలిసినవాళ్లను ఒక మాట అడిగేవారు. ఇప్పుడు ఫోటో దొరికితే చాలు, పేజీ నిండుతుంది. మీరు వేసిన ఫోటో కూడా ఎండాకాలానిదే, పచ్చటి చెట్లతో సహా.

నవంబరు చివర ఇక్కడ నాలుగున్నర లోపే పొద్దుగుంకుతుంది. ఆ తర్వాత ఘాట్ రోడ్డు మీద కంటికి కనపడని ఐస్. తుపాను వస్తే ఐ-90 హైవేనే మూసేస్తారు. మీరు తప్పక చూడమన్న నీడిల్స్ హైవే అనే కొండ రోడ్డును మంచు పడ్డాక చలికాలమంతా తెరవరు. బయల్దేరే ముందు 511కు ఫోన్ చేసి రోడ్ల సంగతి కనుక్కోమని ఒక్క వాక్యం రాస్తే మీ సొమ్మేం పోయింది? సవరణ వేసే ఉద్దేశం ఉంటే, దయచేసి సెలవులు అయ్యాక వేయకండి.

— ఒక పాఠకుడు, రాపిడ్ సిటీ, సౌత్ డకోటా